పాత కలప సామాను వయసు తేల్చడం ఎలా? బోర్లించి చూసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మా బీరువా ఎన్నేళ్ళ నాటిది? అమ్మమ్మ ఉయ్యాల బల్ల నిజంగా నూరేళ్ళు దాటిందా? దుకాణదారు "రెండు వందల ఏళ్ళ నాటి టేకు" అంటున్నాడు, నమ్మవచ్చా? అడిగేవారు మారుతున్నా ప్రశ్నలు ఇవే. మూడింటికీ పద్ధతి ఒకటే కాబట్టి అంతా ఒకేచోట రాస్తున్నాను. తెలుగు ఇళ్ళలో దొరికే పందిరి మంచం, భోషాణం, రాత బల్ల, పడక కుర్చీ, అద్దాల బీరువా లాంటివి దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. ఎవరైనా ఒక మధ్యాహ్నం కూర్చుని చేసుకోవచ్చు.

1. ముందు ఈ సూత్రం పట్టుకోండి

కొత్త వడ్రంగి పాత పద్ధతిలో పని చేయగలడు. పాత వడ్రంగి మాత్రం ఇంకా పుట్టని స్క్రూను వాడలేడు. వయసు తేల్చే విద్య అంతా దీని మీదే నడుస్తుంది.

అందుకే "పాతదిలా ఉంది" అనిపించే ఆనవాళ్ళు పది దొరికినా వాటి బలం అంతంత మాత్రమే. "ఫలానా ఏడాదికి ముందు ఇది ఉండే వీలే లేదు" అని చెప్పే ఆనవాలు ఒక్కటి, అసలు భాగం మీద దొరికితే చాలు, దాని మాటే చెల్లుతుంది.

చివరికి మీకు దొరికేది ఒక్క ఏడాది కాదు, రెండు హద్దులు. కింది హద్దు: ఈ ఏడాదికి ముందుది కాదు. పై హద్దు: ఈ ఏడాది తర్వాతది కాదు. మధ్యలో ఇరవై ముప్ఫై ఏళ్ళ వ్యవధి మిగిలితే పని బాగా జరిగినట్టే. "సరిగ్గా 1887" అని చెప్పేవారి దగ్గర కాగితమైనా ఉండాలి, లేదంటే అది కబుర్ల కింద లెక్క.

2. దగ్గర పెట్టుకోవలసినవి, చేయకూడనివి

- బలమైన టార్చిలైటు, భూతద్దం
- అంగుళాలు, మిల్లీమీటర్లు రెండూ ఉన్న టేపు; దొరికితే వెర్నియర్ కాలిపర్ (మందాన్ని కచ్చితంగా కొలిచే సాధనం)
- చిన్న అయస్కాంతం
- స్క్రూ గాడిలో సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్
- మెత్తని బ్రష్, దూది, కొద్దిగా స్పిరిట్
- మందపాటి దుప్పటి, ఎత్తడానికి తోడుగా ఇంకొకరు
- నోటుపుస్తకం, ఫోను కెమెరా

తుడవడం, కడగడం, నూనె పట్టించడం, పాలిష్ వేయడం ఇప్పుడు వద్దు. "ముందు శుభ్రం చేసి తర్వాత చూద్దాం" అనే ఆలోచనతోనే సగం సాక్ష్యం పోతుంది. పలకల సందుల్లోని మట్టి, స్క్రూ చుట్టూ ఉన్న నల్లటి వలయం, సొరుగులో అంటిన కాగితం ముక్క మీకు కావలసినవే.

సొరుగులు బయటికి తీసి, ఏది ఎక్కడిదో పెన్సిలుతో చిన్న కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. అద్దాలు, పాలరాతి పలకలు ముందే విప్పి పక్కన ఆనించండి. అన్ని వైపులా ఫొటోలు తీశాకే సామానును కదపండి.

3. కాగితాలు, పెద్దల మాటలు

కలప జోలికి వెళ్ళే ముందు ఇల్లు వెతకండి. పంపకాల దస్తావేజు, వీలునామా, పెళ్ళి సారె జాబితా, దుకాణం రసీదు, పాత పెళ్ళి ఫొటో, వీటిలో ఏదైనా దొరికితే పై హద్దు వచ్చేస్తుంది. 1938 పెళ్ళి ఫొటోలో మీ పడక కుర్చీ కనిపిస్తే అది 1938 తర్వాతది కాదు. ఫొటోలోది ఇదే కుర్చీనా, అలాంటిదే మరొకటా అన్నది చేతుల మీది చెక్కడం, పేము అల్లిక చూసి పోల్చుకోండి.

పెద్దలను అడిగేటప్పుడు "ఇది ఎన్నేళ్ళది?" అనవద్దు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "చాలా పాతది" అనే వస్తుంది. "మీ పెళ్ళి నాటికి ఇది ఉందా? అప్పుడు ఏ గదిలో ఉండేది? ఎవరు చేయించారు, కొన్నదా?" అని అడగండి. సంఘటనకు ముడిపెట్టిన జ్ఞాపకమే పనికొస్తుంది.

4. బోర్లించండి

ముఖం మీద ప్రతి తరంవాళ్ళూ పాలిష్ వేస్తారు. అడుగు, వెనుక, సొరుగు లోపలి గోడలు ఎవరూ ముట్టుకోరు. నిజం అక్కడ ఉంటుంది.

దుప్పటి మీద సామానును బోర్లించి, టార్చిలైటును పలకకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఎదురుగా చూస్తే నున్నగా కనిపించిన చెక్క మీద గీతలు, గుంటలు తేలతాయి.

*రంపం గీతలు.* చేతి రంపంతో కోసిన పలక మీద గీతలు ఏటవాలుగా, ఎడం సమంగా లేకుండా ఉంటాయి. గీతలు వంపు తిరిగి పెద్ద వృత్తంలో భాగంలా కనిపిస్తే అది గుండ్రటి మిల్లు రంపం. ఐరోపా, అమెరికాలలో దీన్ని 19వ శతాబ్దంలో మిల్లులు వచ్చిన నాటి గుర్తుగా తీసుకుంటారు. నిటారుగా, ఒకే ఎడంతో వరసగా ఉంటే బ్యాండ్ రంపం.

ఇక్కడ విదేశీ పుస్తకాలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. మన ఊళ్ళలో ఇద్దరు మనుషులు, ఒకరు దుంగ పైన, ఒకరు కింద నిలబడి రంపం లాగే పని 20వ శతాబ్దంలోనూ చాలాకాలం సాగింది. కాబట్టి చేతి రంపం గీత చూసి పాతదనలేము. మిల్లు గీత మాత్రం కింది హద్దు ఇస్తుంది.

*చిత్రిక, బాడిస జాడలు.* చేతి చిత్రిక పట్టిన పలక మీద వేళ్ళు అడ్డంగా పోనిస్తే సన్నటి అలలు తగులుతాయి. అడుగు పలకల మీద బాడిస (వడ్రంగి చెక్కే చిన్న గొడ్డలి లాంటి పనిముట్టు) చెక్కిన గుంటలూ ఉండవచ్చు. అడుగు కూడా ముఖంలాగే అద్దంలా ఉంటే అది మిషను చిత్రిక అయినా కావాలి, ఈ మధ్య ఎవరైనా గరుకు కాగితంతో రుద్ది అయినా ఉండాలి.

*అరుగుదల.* మనుషులు తాకే చోటే అరగాలి. కుర్చీ చేతుల చివర, ముందు కాళ్ళ మధ్య అడ్డకర్ర పైభాగం, సొరుగు కింద జారే అంచు, మంచం పట్టె మీద కూర్చునే చోటు. ఎవరి చేయీ, కాలూ తగలని మూలల్లో కూడా అంతే అరుగుదల ఉంటే అది చేయించిన అరుగుదల.

*కాళ్ళ చివర్లు.* పేడతో అలికిన నేల, రోజూ తడిగుడ్డ పెట్టిన కడప బండల నేల మీద నిలిచిన కాళ్ళకు కింది రెండు మూడు అంగుళాలు నల్లబడి, నారలు విచ్చుకుని ఉంటాయి. నాలుగు కాళ్ళూ కింద శుభ్రంగా, కొత్త కోతతో కనిపిస్తే కుళ్ళిన భాగం కోసి ఎత్తు తగ్గించి ఉంటారు. రాత బల్ల ఎత్తు ముప్ఫై అంగుళాల దరిదాపుల్లో లేకపోతే ఈ అనుమానం పెట్టుకోండి.

*రంగు.* లోపలి చెక్కకు గాలి తగిలి వచ్చే మసక గోధుమ రంగు చోటు చోటుకూ మారుతుంది: గాలి ఆడే వెనుక పలక ముదురుగా, సొరుగు మూసుకుపోయే లోతు లేతగా. లోపలంతా ఒకే ముదురు రంగు పూసినట్టుంటే తడి దూదితో రుద్ది చూడండి. దూదికి రంగు అంటితే అది పూతే.

5. కలప ఏమంటుంది

కలప పేరు ఒక్కటే వయసు చెప్పదు. టేకు, జిట్రేగి అంటే రోజ్‌వుడ్, మద్ది, వేగిస, వేప, పనస, అన్నీ ఇప్పటికీ వాడుకలో ఉన్నవే. బర్మా టేకు కోస్తా రేవులకు దిగుమతి అయిన రోజులు ఉన్నాయి కాబట్టి "బర్మా టేకు" అనగానే పాతదనుకోవడం అలవాటైంది. ఇప్పుడూ ఆ కలప వస్తూనే ఉంది.

వయసు తగ్గించే కలపలు మాత్రం ఉన్నాయి:

- ప్లైవుడ్ అసలు భాగమైతే, మన దగ్గర ఆ సామాను 1920లకు ముందుది కావడం చాలా అరుదు. విదేశాల నుంచి వచ్చిన వంచిన కొయ్య కుర్చీల పీటలు దీనికి మినహాయింపు.
- పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి వచ్చింది. చెక్క నారను అదిమి చేసే ఎమ్‌డీఎఫ్ పలక ఇంకా కొత్తది.
- సన్‌మైకా, డెకోలం రేకులు మన ఇళ్ళలోకి స్వాతంత్ర్యం తర్వాతే వచ్చాయి. అయితే పాత బల్లల మీద తర్వాత అతికించినవే ఎక్కువ. అంచు దగ్గర చూస్తే కింద పాత పాలిష్ కనిపిస్తుంది.

*కుదింపు కొలత.* కలప నారకు అడ్డంగా కుదిస్తుంది, నిలువుగా దాదాపు కుదించదు. గుండ్రటి బల్ల పైపలకను నార వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. తరిమెన పట్టిన (లేత్ మీద తిప్పుతూ గుండ్రంగా చెక్కిన) కాలునూ కాలిపర్‌తో రెండు దిక్కులా కొలవండి. పాతదైతే రెండు కొలతలూ సమం కావు. టేకు తక్కువ కుదించే కలప కాబట్టి తేడా కొద్ది మిల్లీమీటర్లకు మించదు. తేడా లేనంత మాత్రాన కొత్తదని తేల్చవద్దు.

*పురుగు రంధ్రాలు.* పురుగు బయటికి వచ్చే రంధ్రం చిన్నగా గుండ్రంగా ఉంటుంది, లోపల దారి వంకరలు పోతుంది. సన్నటి తీగ దూర్చితే కొద్ది దూరంలోనే ఆగాలి. తిన్నగా లోపలికి పోతే డ్రిల్లు పెట్టారు. అసలైన పురుగు రంధ్రాలు ఎక్కువగా పాల చెక్కలో (బెరడు పక్కనుండే లేత చెక్క) ఉండాలి, చేవలో (నడిమి గట్టి చెక్క) కాదు. టేకు చేవను పురుగు అంతగా ముట్టదు.

ఒకటి ప్రత్యేకంగా చూడండి. పలక ఉపరితలం మీద పురుగు దారి రంధ్రంగా కాక, నిలువునా చీల్చిన సన్నటి కాలువలా పైకి తెరుచుకుని కనిపిస్తే, పురుగు తిన్న తర్వాత ఆ చెక్కను కోశారన్నమాట. అంటే పాత దూలం, కొత్త సామాను.

ఈ రోజుల్లో ఇదే పెద్ద చిక్కు. కూల్చిన మండువా ఇళ్ళ స్తంభాలు, దూలాలు, తలుపులు కోసి చేసిన బల్లలు, బీరువాలు విపరీతంగా అమ్ముడవుతున్నాయి. తమిళనాడులోని కారైకుడి, రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ ఈ వ్యాపారానికి పేరుపడ్డాయి. కలప నిజంగానే నూట యాభై ఏళ్ళది కావచ్చు, సామాను నిరుడు చేసింది కావచ్చు. గుర్తులు: దేనికీ పనికిరాని చోట పూడ్చిన బెజ్జాలు, జతలేని మేకు రంధ్రాలు, లోపలి ముఖం మీద సున్నం లేదా పాత రంగు జాడ, పాత ఉపరితలం మధ్యలో తెగిపోయి కనిపించే తాజా అంచు.

6. అతుకులు

సొరుగు తీసి ముందు పలక, పక్క పలక కలిసే మూల చూడండి. అక్కడ ఉండేది సాధారణంగా డౌటెయిల్ అతుకు, ఒకదానిలో ఒకటి దిగే విచ్చుకున్న పళ్ళు.

పళ్ళన్నీ ఒకే వెడల్పు, ఒకే ఎడంతో, లోపలి మూలలు గుండ్రంగా ఉంటే మిషను పని. అలాంటి మిషన్లు పాశ్చాత్య దేశాలలో 19వ శతాబ్దం చివరి భాగంలో వ్యాపించాయి, మనకు తర్వాత వచ్చాయి. పళ్ళు హెచ్చుతగ్గులుగా ఉండి, పునాదిలో గుర్తు కోసం గీసిన సన్నటి గీత కనిపిస్తే చేతి పని. మన వడ్రంగులు దాన్ని నేటికీ చేతితో కోస్తారు కనుక అది వయసు చెప్పదు, పనివాడి చేయి చెబుతుంది.

కాళ్ళు, అడ్డకర్రలు కలిసే చోట కుసి (కర్ర చివర నాలుకలా మిగిల్చిన భాగం), అది దిగే బెజ్జం ఉంటాయి. వాటిని బిగించే కొయ్య లేదా వెదురు చీల తల చూడండి. చేతితో చెక్కిన చీల పలుపలకలుగా ఉండి, చుట్టూ చెక్క కుదించడం వల్ల కొద్దిగా బయటికి పొడుచుకు వస్తుంది. గుండ్రంగా, అంచు సమంగా ఉన్నది మిషను పుల్ల.

జిగురు కూడా చూడండి. వజ్రం, సరేసు అని పిలిచే జంతు జిగురు ఎండితే గోధుమ రంగులో పెళుసుగా, గాజు పెచ్చులా ఊడుతుంది, గోరువెచ్చని నీటికి మెత్తబడుతుంది. ఫెవికాల్ 1959లో వచ్చింది. అతుకులో దాచిన చోట కూడా తెల్లటి లేదా పారదర్శకమైన, సాగే జిగురు ఉంటే ఆ అతుకు 1959 తర్వాత కట్టినదో, విప్పి మళ్ళీ కట్టినదో.

7. మేకులు, స్క్రూలు, బందులు, తాళాలు

ఈ అంచె దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. లోహానికి తేదీలు ఉన్నాయి.

*స్క్రూ.* బందును (తలుపు తిరిగే కీలును) పట్టుకున్న స్క్రూలలో ఒకదాన్ని నెమ్మదిగా విప్పండి.

- మొన మొద్దుగా, మరలు సమంగా లేక, తల మీది గాడి నడిమధ్యకు కాక పక్కకు జరిగి ఉంటే చేతితో ఆకురాయి పెట్టి చేసినది. సాధారణంగా 1850కి ముందుది.
- మొన సూదిగా ఉంటే 1850ల తర్వాతది. బర్మింగ్‌హామ్‌లోని నెటిల్‌ఫోల్డ్ కంపెనీ 1854లో అమెరికా పేటెంటు కొని ఈ రకాన్ని పెద్ద ఎత్తున తయారుచేసింది.
- తల మీద ప్లస్ గుర్తు గాడి ఉంటే 1930ల తర్వాతది. ఆ పేటెంటే 1936 నాటిది. మన వడ్రంగుల చేతికి ఇంకా చాలా ఆలస్యంగా వచ్చింది.

స్క్రూ తీసిన రంధ్రంలోకి టార్చి వేయండి. ఇనుప స్క్రూ దశాబ్దాల పాటు ఉన్న చోట చెక్క నల్లబడి ఉండాలి. రంధ్రం లోపల తాజా చెక్క మెరిస్తే స్క్రూ కొత్తది, లేదా పాత స్క్రూను ఈమధ్య తెచ్చి బిగించారు. బందు కింద ఇంకో బందు నీడ, పూడ్చిన రంధ్రాలు కనిపిస్తే బందు మార్చారు. దాని తేదీని లెక్కలోకి తీసుకోకండి.

*మేకు.* కొలిమిలో కొట్టిన మేకు నలుపలకల ఒళ్ళు, సుత్తి దెబ్బలు తిన్న తల. గుండ్రటి ఒళ్ళున్న తీగ మేకు 1890ల నుంచి విస్తరించింది. కమ్మరి మేకులు మన పల్లెల్లో ఆ తర్వాతా దొరికాయి, అందుకని తీగ మేకుదే గట్టి సాక్ష్యం.

*ఇత్తడి.* పిడికి అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము మీద ఇత్తడి పూత. పిడి వెనుక భాగంలో పోత గరుకు కనిపిస్తుందా, రేకును అదిమి చేసినదా చూడండి.

*తాళం.* ముందు తాళం తన గూటిలో సరిగ్గా ఒదిగిందా, చుట్టూ పాత గూడు పూడ్చారా చూడండి. తర్వాత అక్షరాలు చదవండి. బ్రిటిష్ ప్రభుత్వ సామాను మీద వి.ఆర్. అంటే విక్టోరియా, 1901 వరకు. ఇ.ఆర్. అంటే ఎడ్వర్డ్, 1901–1910. జి.ఆర్. అంటే అయిదవ, ఆరవ జార్జిలు, 1910–1952. బ్రిటన్‌లో డిజైను నమోదైందని చెప్పే వజ్రం ఆకారపు రిజిస్ట్రేషన్ గుర్తు 1842–1883 మధ్యది, "ఆర్.డి. నంబరు" 1884 నుంచి మొదలైంది. గోద్రెజ్ అని ఉంటే ఆ తాళం 1897 తర్వాతది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అనే పూర్తి వాక్యం సాధారణంగా 20వ శతాబ్దపు అలవాటు.

8. ముద్రలు, చీటీలు, పెన్సిలు రాతలు

సొరుగు అడుగున, వెనుక పలక లోపల, కుర్చీ పీట కింద భూతద్దంతో వెతకండి. వడ్రంగి లెక్క, దుకాణం చీటీ, వేలంపాట అంకె, ఏదైనా ఉండవచ్చు. చిన్న రాతే అయినా కొన్నిసార్లు మిగిలిన అంచెలన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

ధర 38–12–0 అని మూడు గళ్ళలో ఉంటే అవి రూపాయలు, అణాలు, పైలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. ఆ రాత, దానితోపాటు సామాను, దరిదాపుగా దానికి ముందువే.

కొలతలు కూడా మాట్లాడతాయి. మెట్రిక్ పద్ధతికి చట్టం 1956లో వచ్చి, 1960ల ఆరంభానికి అమలైంది. సొరుగు అడుగు పలక సరిగ్గా పావు అంగుళం ఉందా, 6 మిల్లీమీటర్లా అన్నది కాలిపర్ చెబుతుంది. అయితే వడ్రంగుల నోట అంగుళం ఇప్పటికీ పోలేదు. కాబట్టి మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను నమ్మండి, అంగుళాల పలకను నమ్మవద్దు.

చీటీలో "మద్రాసు ప్రెసిడెన్సీ" ఉంటే స్వాతంత్ర్యానికి ముందుది. "ఆంధ్రప్రదేశ్" ఉంటే 1956 నవంబరు 1 తర్వాతది. ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. రూపాయికి ఇప్పటి గుర్తు, అదే ₹, ఉంటే 2010 తర్వాతది. పాతదనిపించేలా టీ నీళ్ళలో ముంచిన చీటీ మీద ఇది కనిపిస్తే ఇక మిగతా పరీక్షలు అక్కర్లేదు.

మన ప్రాంతంలో రైల్వే వేలంలో కొన్న కుర్చీలు, బల్లలు చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటి మీద కాల్చిన లేదా చెక్కిన అక్షరాలుంటే అదృష్టం:

- ఎమ్.ఎస్.ఎమ్.ఆర్.: మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1908–1951
- ఎన్.జి.ఎస్.ఆర్.: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, 1883 నుంచి 1930లో నిజాం ప్రభుత్వం తీసుకునే వరకు. తర్వాత ఎన్.ఎస్.ఆర్., 1951 వరకు
- బి.ఎన్.ఆర్.: బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 1887–1952. ఉత్తరాంధ్ర వైపు ఇదే
- ఎస్.సి.ఆర్.: దక్షిణ మధ్య రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి

పాత సామాను మీద కొత్త రైల్వే మళ్ళీ ముద్ర వేసి ఉండవచ్చు. రెండు ముద్రలుంటే పాతదాన్ని లెక్కపెట్టండి.

వంచిన కొయ్య కుర్చీ అయితే పీట చట్రం లోపలి అంచు చూడండి. వియన్నాకు చెందిన థోనెట్ సంస్థ 14వ నంబరు కుర్చీ 1859లో వచ్చింది. పేటెంటు 1869లో ముగిశాక పోటీదారులు పుట్టుకొచ్చారు. చీటీలో "చెకోస్లొవేకియా" ఉంటే ఆ దేశం ఏర్పడిన 1918కి ముందుది కాదు. చీటీ లేకపోతే స్వదేశీ నకలు కావచ్చు.

సొరుగులో పరిచిన పాత పత్రిక మీద తేదీ ఉంటుంది. అది సామాను పుట్టిన తేదీ కాదు. ఎన్ని పొరలుంటే అన్నీ విప్పి, అన్నిటికంటే అడుగున అంటుకుపోయిన దాన్ని చదవండి. అప్పటికి ఆ సొరుగు ఉందని మాత్రం ఓ మోస్తరు నమ్మకంతో చెప్పవచ్చు.

9. మెరుగు, అద్దం, పేము

కనపడని చోట, దూదికి స్పిరిట్ అద్ది చిన్న చుక్క పెట్టి కొద్ది సెకన్లు ఆగండి. జిగటగా మారి దూదికి గోధుమ రంగు అంటితే లక్కతో చేసిన ఫ్రెంచి పాలిష్. ఇది పాతదే కానక్కరలేదు, ఇప్పటికీ వేస్తారు. స్పిరిట్‌కు చలించక, థిన్నర్‌కు కరిగితే నైట్రోసెల్యులోజ్ లాకర్, 1920ల తర్వాతది. రెండిటికీ లొంగకపోతే పాలియురెథేన్ తరహా కొత్త పూత. ఇవన్నీ పైపూత వయసు చెబుతాయి, కలపది కాదు.

అద్దం మీద నాణెం అంచు ఆనించి ప్రతిబింబానికీ దానికీ మధ్య ఎడం చూస్తారు కొందరు; అది గాజు మందం చెబుతుంది, అంతే. గాజును పక్క నుంచి చూస్తే అలలు, బుడగలు కనిపిస్తే పాత పద్ధతి గాజు. తేలియాడే పద్ధతిలో చేసిన అలల్లేని గాజు 1959లో పుట్టింది. గాజు ఏళ్ళ తరబడి కిందికి జారి అడుగున మందమవుతుందన్నది కట్టుకథ.

పేము అల్లిక చట్రం చుట్టూ రంధ్రాల గుండా పోతే చేతి అల్లిక. గాడిలో అదిమి పుల్ల బిగిస్తే రెడీమేడ్ అల్లిక. పేము ఎన్నిసార్లయినా మార్చి ఉంటారు, రంధ్రాలనే చూడండి.

10. శైలి చివరకే

అందరూ ఇక్కడే మొదలుపెడతారు. ఇది చివరి అంచె కావాలి. బంతిని పట్టుకున్న పక్షి గోళ్ళ కాళ్ళు ఇంగ్లండులో 18వ శతాబ్దపు ఫ్యాషను. మన దగ్గర అవే కాళ్ళు 1920లలోనూ చేశారు, నిన్న కూడా చేశారు. శైలి కింది హద్దు మాత్రమే ఇస్తుంది. గుండ్రటి మూలలు, మెట్లు మెట్లుగా ఉన్న తలకట్టు, సూర్యకిరణాల చెక్కడం ఉంటే 1930ల కంటే వెనక్కి పోవద్దు. తెలుగు ఇళ్ళలోని అద్దాల బీరువాలలో ఈ కాలం నాటివే ఎక్కువ.

శైలే ప్రధాన సాక్ష్యమయ్యే సందర్భం ఒకటుంది: విశాఖపట్నం దంతపు పని. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళ కోసం విశాఖ పనివాళ్ళు దంతం పొదిగిన కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేశారు. తొలినాటి వాటిలో జిట్రేగి, నల్లచేవ లాంటి ముదురు చెక్కలో దంతపు ముక్కలు పొదిగి, దంతం మీద గీతలు చెక్కి నల్ల లక్క నింపారు. ఆ శతాబ్దపు చివరి భాగానికి వచ్చేసరికి పెట్టె మొత్తాన్ని దంతపు రేకులతో కప్పడం పెరిగింది. 19వ శతాబ్దంలో గేదె కొమ్ము, తాబేటి చిప్ప, ముళ్ళపంది ముళ్ళు వాడిన చిన్న పెట్టెలు ఎక్కువయ్యాయి.

దంతమా, ఎముకా అని భూతద్దంతో చూడండి. దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి వంపు గీతలుంటాయి. ఎముకలో నల్లటి చుక్కలు, చిన్న గీట్లు కనిపిస్తాయి. వేడి సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినవద్దు.

11. లెక్క కట్టడం

నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి: భాగం, ఆనవాలు, అది అసలుదా మార్చినదా, హద్దు. ఒక రాత బల్ల ఉదాహరణ చూద్దాం.

- కాళ్ళ అతుకులకు వెదురు చీలలు, అసలువి. హద్దు లేదు.
- వెనుక పలకకు తీగ మేకులు, వేరే రంధ్రాలు లేవు, అసలువి. 1890ల తర్వాత.
- సొరుగు అడుగున ప్లైవుడ్, గాడి దానికి సరిగ్గా సరిపోయింది, అసలుది. 1920ల తర్వాత.
- తాళం "మేడ్ ఇన్ ఇంగ్లండ్", గూడు చెదరలేదు, అసలుది. 20వ శతాబ్దం.
- సొరుగు కింద పెన్సిలు ధర అణాల్లో. 1957కు ముందు.
- మూలలు గుండ్రం. 1930ల తర్వాత.
- పైన డెకోలం రేకు, కింద లక్క పాలిష్. తర్వాతి మార్పు, లెక్కకు రాదు.
- ఎడమ బందుకు ప్లస్ తల స్క్రూలు, పక్కన పాత రంధ్రాలు. మరమ్మతు, లెక్కకు రాదు.

మిగిలినది 1930–1957. కుటుంబంలో "నూట ఇరవై ఏళ్ళది" అనే మాట ఉంటే దాన్ని ఇక్కడితో సున్నితంగా పక్కన పెట్టవచ్చు. అసలుదా మార్చినదా అనే మూడో గడి దగ్గర తొందరపడితే మిగతా గళ్ళన్నీ వృథా.

12. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

*ముదురు రంగు చూసి పాతదనడం.* లోపల, స్క్రూ కింద, సొరుగు వెనుక రంగు పోల్చండి.

*ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పడం.* పాతదనడానికి కనీసం మూడు వేర్వేరు అంచెల సాక్ష్యం కలవాలి. కొత్తదనడానికి అసలు భాగం మీద ఒక్కటి చాలు.

*రెండు సామాన్ల కలయికను ఒకటిగా లెక్కించడం.* పై బీరువా, కింది బల్ల వేర్వేరు పుట్టుక కావచ్చు. వెనుక పలకల వెడల్పు, మందం, రంపం గీతలు, కలప రెండిట్లోనూ ఒకటేనా చూడండి.

*కార్బన్ పరీక్ష కోసం పరుగెత్తడం.* 1650–1950 మధ్య కాలానికి ఆ పరీక్ష ఫలితాలు ఒకదానిమీద ఒకటి పడి స్పష్టత ఇవ్వవు. పైగా అది చెట్టు వయసు చెబుతుంది, వడ్రంగి పని వయసు కాదు.

*ముందే పాలిష్ చేయించడం.* అయిపోతే ముఖాన్ని వదిలేసి అడుగు, తాళం గూడు, స్క్రూ రంధ్రాల మీద ఆధారపడండి. అక్కడి దాకా పాలిష్ బ్రష్ పోదు.

పోల్చి చూసుకోవడానికి హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫర్నిచర్ గదులున్నాయి. కాళ్ళు, అతుకులు, పిడుల వైపు చూస్తూ తిరగండి. ఊళ్ళో వృద్ధుడైన వడ్రంగి ఉంటే బోర్లించిన సామాను ఆయనకు చూపండి. "ఎన్నేళ్ళది" అని కాక "ఇందులో ఏ భాగం తర్వాత వేశారు" అని అడగండి.

13. నూరేళ్ళు దాటినట్టు తేలితే

పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 ప్రకారం నూరేళ్ళు నిండిన చారిత్రక, కళా ప్రాధాన్యం ఉన్న వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటిదాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు తాతగారి బల్ల పంపాలనుకునేవారు ఓడ మాట్లాడుకునే ముందే భారత పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. మీరు గీసిన నాలుగు గళ్ళ పట్టిక, ఫొటోలు అప్పుడు దరఖాస్తుతోపాటు పనికొస్తాయి. జిట్రేగి అయితే ఇంకో అడ్డంకి: 2017 నుంచి ఆ జాతి కలప అంతర్జాతీయ రవాణాకు సైటీస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనలు వర్తిస్తాయి.

దంతం ఉన్న వస్తువు విషయం వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం దంతపు క్రయవిక్రయాలు నిషిద్ధం. ఇంట్లో అలాంటి పెట్టె బయటపడితే వ్యాపారికి ఫొటో పంపకండి. ముందు అటవీ శాఖ కార్యాలయంలో విచారించండి.